అరికమేడులో ఏముందో వచ్చినవాళ్ళకు చెప్పండి: అధికారులకు ఒక బహిరంగ లేఖ

అరికమేడు పురాతన స్థలం బాగోగులు చూసే అధికారులకు, పుదుచ్చేరి పర్యాటక వ్యవహారాలు చూసే పెద్దలకు,

నమస్కారం.

నేను తిరుపతి జిల్లా ఏర్పేడు మండలం పాపానాయుడుపేటలో పుట్టి పెరిగినదాన్ని. హైస్కూల్లో సోషల్ చెబుతాను. రెండు వేల ఏళ్ళ కిందట రోమ్‌తో వర్తకం నడిచిన రేవు అరికమేడు గురించి, అక్కడికి వచ్చినవాళ్ళకు చెప్పే ఏర్పాటు చేయమని మీకు ఇంతకుముందు రెండు ఉత్తరాలు రిజిస్టర్ పోస్టులో పంపాను. రెండూ అందినట్టు సంతకం పెట్టిన కార్డులు తిరిగొచ్చాయి. జవాబు మాత్రం రాలేదు. మీకు వంద పనులుంటాయని తెలుసు. అయినా మొదటి ఉత్తరం పంపి ఏడాది దాటింది కాబట్టి, ఇక అందరూ చదివేలా రాయడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

ముందు ఏం జరిగిందో చెబుతాను.

డిసెంబరులో వానలు వెలిసిన వారం మేం ఇంటిల్లిపాదీ పుదుచ్చేరి వచ్చాం. పిల్లలకు సముద్రం చూడాలని ఉంది. మా నాన్నకు అరికమేడు చూడాలని ఉంది. ఆయన వయసు డెబ్బై దాటింది. జీవితమంతా గాజు పూసల కొలిమి దగ్గరే గడిపారు. 2,000 ఏళ్ళ కిందట మా ఊళ్ళో చేసే పూసల్లాంటివే అక్కడా చేశారని, ఆ పూసలు ఓడలెక్కి ఆగ్నేయాసియా దాకా వెళ్ళాయని నేను పాఠం చెబుతున్నట్టు ఆయనకు చాలాసార్లు చెప్పాను. ఆ నేల ఒక్కసారి కంటితో చూడాలన్నది ఆయన కోరిక.

పట్టణం నుంచి అరికమేడు 4 కిలోమీటర్లు. ఆటో అబ్బాయికి పేరు చెబితే, "అక్కడేమీ లేదు మేడమ్, చెట్లే. బోట్ హౌస్‌కి పోదాం, పారడైజ్ బీచ్ చూడండి" అన్నాడు. అతని తప్పేం లేదు, రోజూ చూసేదే చెప్పాడు. ఆ రోజు చున్నాంబార్ బోట్ హౌస్ దగ్గర టికెట్ల కోసం క్యూ కట్టిన జనం, కార్లు, బస్సులు. అక్కడికి దగ్గర్లోనే కాక్కాయంతోపు ఊరి చివర, మనదేశంలో రోమ్‌తో వర్తకం నడిచిన పేరుమోసిన రేవుల్లో ఒకటి మామిడి చెట్ల కింద ఉంది. కడలూరు రోడ్డు మీద అరియంకుప్పం దాకా ఎలాగో వెళ్ళాం. అక్కడి నుంచి ముగ్గుర్ని అడిగి, రెండుసార్లు వెనక్కి తిరిగి, చివరికి చేరాం. దారి పొడవునా నాకు అరికమేడు అన్న బోర్డు కనబడలేదు.

లోపల మాకు కనిపించింది పొడుగాటి ఇటుక స్తంభాలు, విరిగిన గోడలు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక జంట వాటి ముందు ఫోటోలు దిగుతూ, "రోమన్ బిల్డింగ్ ఎంత గట్టిగా ఉందో చూడు" అనుకుంటున్నారు. నాకు మనసు చివుక్కుమంది. ఆ స్తంభాలకూ రోమ్‌కూ సంబంధం లేదు. అవి 18వ శతాబ్దంలో ఫ్రెంచి మతగురువులు నడిపిన సెమినరీవి, అంటే క్రైస్తవ గురువులకు చదువు చెప్పే బడివి. వాటికీ ఒక చరిత్ర ఉంది, అదీ చెప్పుకోదగ్గదే. కానీ అంత దూరం నుంచి వచ్చిన ఆ ఇద్దరూ రెండు వందల ఏళ్ళ నాటి గోడను రెండు వేల ఏళ్ళ నాటిదని నమ్మి, అదే ఫోటో పదిమందికి పంపి వెళ్ళిపోయారు. నేను దగ్గరికి వెళ్ళి చెప్పాను. "మరి రోమన్‌వి ఎక్కడ మేడమ్?" అని అడిగారు. మనం నిలబడ్డ చుట్టుపక్కలే, మట్టి కింద, అన్నాను. వాళ్ళు నమ్మినట్టు అనిపించలేదు. నమ్మించడానికి అక్కడ నా మాట తప్ప ఇంకేమీ లేదు.

మీకు తెలిసిన సంగతులే అయినా, ఈ ఉత్తరం చదివే మావాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. గ్రీకు నావికుడొకడు క్రీస్తుశకం 1వ శతాబ్దంలో రాసిపెట్టిన సముద్ర వర్తకపు దారుల పుస్తకం పెరిప్లస్‌లో 'పొదుకె' అనే రేవు పేరుంది. అది ఇదేనని ఎక్కువమంది పండితుల మాట. మన కృష్ణా తీరాన్ని అదే పుస్తకం 'మసాలియా' అంది, అక్కడ నూలు బట్టలు బాగా తయారవుతాయని రాసింది. 1937లో ఫ్రెంచి పండితుడు జూవో దూబ్రయ్ ఇక్కడి పిల్లల దగ్గర బొమ్మలు చెక్కిన చిన్న రత్నపు రాళ్ళు కొన్నారు. ఒకదాని మీదున్న తల రోమ్ చక్రవర్తి అగస్టస్‌దని ఆయన అనుకున్నారు. 1944లో, అప్పటి పురావస్తు శాఖ అధిపతి మార్టిమర్ వీలర్ మద్రాసు మ్యూజియంలో ఒక బీరువాలో చెయ్యి పెట్టి వెతుకుతుంటే, రెండు చెవులున్న రోమన్ జాడీ మెడ దొరికింది. అది ఎక్కడిదని ఆరా తీస్తే అరికమేడు అని తేలింది. మరుసటి ఏడాదే ఆయన ఇక్కడ తవ్వించారు. ద్రాక్షసారా, ఆలివ్ నూనె తెచ్చిన జాడీల ముక్కలు, ఇటలీలో చేసిన ఎర్రటి నున్నని మట్టిపాత్రల ముక్కలు, వాటి మీద కుమ్మరుల ముద్రలు దొరికాయి. ఏటి గట్టున గోదాము లాంటి పెద్ద కట్టడం, ఇటుక తొట్లు బయటపడ్డాయి. తొట్లు బట్టలకు రంగు వేయడానికి కావచ్చని వీలర్ అభిప్రాయపడ్డారు. తర్వాత కసాల్ అనే ఫ్రెంచి పండితుడు తవ్వారు. 1989 నుంచి 1992 వరకు విమలా బెగ్లీ బృందం మళ్ళీ తవ్వింది. రోమ్ సరుకు రావడానికి చాలా ముందే ఇక్కడ మన జనం ఊరు కట్టుకుని, వర్తకం చేసుకుంటూ బతికారని అప్పుడు బాగా తెలిసొచ్చింది. కుండ పెంకుల మీద తమిళంలో, బ్రాహ్మీ లిపిలో రాసుకున్న పేర్లు వాళ్ళవే.

తవ్విన గుంతల్ని మళ్ళీ పూడ్చారు. అది సరైన పనే. ఎండకీ వానకీ వదిలేస్తే పాత ఇటుక పొడైపోతుంది. అందుకే నేల మీద ఏమీ కనబడదు. కనబడకుండా దాచినప్పుడు, ఏం దాచారో పైన రాసిపెట్టాలి కదా. నా ఫిర్యాదంతా ఇక్కడే ఉంది.

నాన్న సంగతి చెప్పాలి. మేం ఆ స్తంభాల దగ్గర మాట్లాడుకుంటుంటే ఆయన ఒక్కరే చెట్ల మధ్య నెమ్మదిగా నడుస్తూ పోయారు. కాసేపటికి నన్ను పిలిచారు. వెళ్ళేసరికి గొంతుక్కూర్చుని, వాన నీళ్ళు పారి మట్టి కొట్టుకుపోయిన చోట చూపుడు వేలు పెట్టి ఉన్నారు. "కళ్ళజోడు ఇయ్యమ్మా" అన్నారు. వేలి పక్కన ఆవగింజ కంటే కొంచెం పెద్దదిగా, కాలిన ఇటుక రంగులో ఒక పూస. గోటితో కొద్దిగా దొర్లించి, వంగి చూసి, "గీతలు బెజ్జం వెంబడే పోయినాయి చూడు. చుట్టింది కాదు, ఇది లాగిన గాజు. కోసినాక బూడిదలో వేసి కాల్చినారు, దాంతోనే అంచులు ఇట్లా గుండ్రంగా వచ్చినాయి" అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మనవడు జేబులో వేసుకుందామంటే వద్దన్నారు. దాన్ని ఉన్నచోటే పెట్టి, పైన ఇంత మట్టి కప్పి లేచారు.

మా ఊళ్ళో ఈ పనిని ఇప్పటికీ చేస్తారు. కొలిమిలో కరిగించిన గాజు ముద్దను లాడ అనే పొడవాటి ఇనుప గొట్టానికి పట్టించి, మధ్యలో బెజ్జం పడేలా కడ్డీ దూర్చి, కొలిమి అవతలి వైపు నుంచి సన్నటి గొట్టంలా లాగుతూ పోతారు. ఆ గొట్టాల్ని ముక్కలుగా కోస్తారు. ముక్కల్ని బూడిదలో కలిపి మళ్ళీ వేడి చేస్తారు. అరికమేడులో నడిచిన పద్ధతే పాపానాయుడుపేటలో ప్రాణాలతో మిగిలిందని, పూసల మీద జీవితమంతా పని చేసిన అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ చెప్పారు. ఆ మాట మా ఊళ్ళో చాలామందికి తెలియదు. అరికమేడు వచ్చేవాళ్ళకూ తెలియదు.

ఈ స్థలాన్ని ఇలా వదిలేయడం వల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఇది:

1. డబ్బు, సెలవు ఖర్చు పెట్టుకుని వచ్చినవాళ్ళు తప్పు విషయం తెలుసుకుని వెళ్తున్నారు, లేదా ఏమీ తెలియకుండా వెళ్తున్నారు. "ఏమీ లేదు, చెట్లే" అన్న మాట ఆటో స్టాండు దాకా పాకింది. ఒకసారి ఆ పేరు పడ్డాక ఏ స్కూలు బస్సూ అటు తిరగదు.

2. కాక్కాయంతోపు, వీరంపట్నం ఊళ్ళవాళ్ళకు ఈ స్థలం వల్ల రూపాయి రావడం లేదు. సముద్రం కోసం వచ్చే జనం బోటెక్కి, తిని, వెళ్ళిపోతారు. వాళ్ళలో పదోవంతు మంది ఇటు వచ్చి రెండు గంటలు గడిపినా, ఒక టీ కొట్టు, ఇద్దరు గైడ్లు, నలుగురు ఆటోవాళ్ళు బతుకుతారు. వీరంపట్నం జాలర్ల పిల్లలు బాగా చదువుకుంటున్నారు, తమ ఊరి కథ తామే చెప్పగలరు.

3. నేల మీద తేలిన పూస, పెంకు ఎవరి కంట పడితే వాళ్ళ జేబులోకి పోతుంది. తీసుకోవడం నేరమని రాసిన బోర్డు నేను తిరిగిన మేర నాకు కనిపించలేదు. విలువ చెప్పకుండా తీయొద్దంటే పిల్లలు వింటారా? 1734లోనే పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి కంపెనీకి ఒక ఉత్తరం వెళ్ళింది, వీరంపట్నం దగ్గర జనం పాత ఇటుకలు తవ్వుకుపోతున్నారని. దాదాపు మూడు వందల ఏళ్ళుగా తెలిసిన జబ్బు ఇది.

4. ఏరు. ఇది నన్ను ఎక్కువ భయపెట్టింది. అరియంకుప్పం ఏరు ఈ దిబ్బను ఒరుసుకునే పోతుంది. అరికమేడు అంటే కోసుకుపోయే దిబ్బ అని తమిళ స్నేహితులు అర్థం చెప్పారు. మనం చెప్పు అరిగింది అంటామే, ఆ మాటకు దగ్గరి చుట్టమేమో అనిపించింది నాకు. వానాకాలం పోయాక గట్టు అంచున నిలబడి చూస్తే మట్టిలో ఇటుక ముక్కలు, పెంకులు వరసగా కనిపిస్తున్నాయి. వచ్చే ఏడాదికి అవి నీళ్ళలో ఉంటాయి. నీళ్ళలో పడ్డ పెంకు దొరికినా, అది ఏ పొరలోదో ఇక ఎవరూ చెప్పలేరు. బోర్డు ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది పెట్టొచ్చు. గట్టును మళ్ళీ తెచ్చుకోలేం.

5. మా ఊరి పూసల పనివాళ్ళు. నా చిన్నప్పుడు ఉన్నన్ని కొలుములు ఇప్పుడు లేవు. యంత్రం మీద చేసిన పూస చవక. ఎండాకాలంలో కొలిమి ముందు కూర్చునే పని పిల్లలకు వద్దని తండ్రులే అంటున్నారు, నేను వాళ్ళను తప్పు పట్టలేను. అయితే మీ పని 2,000 ఏళ్ళ నాటిది, ఇదిగో సాక్ష్యం అని ఒక ప్రభుత్వ స్థలం ఒప్పుకుని గోడ మీద రాస్తే, ఆ పనికి గిరాకీ వేరు, మర్యాద వేరు. మా నాన్న ఆ రోజు ఇంటికొచ్చాక చుట్టుపక్కల కొలుములవాళ్ళందరినీ పిలిచి ఆ పూస సంగతి చెప్పారు. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ మన ఊరి పేరు రాసుందా?" నాన్న దగ్గర జవాబు లేదు.

6. ఆడవాళ్ళకు, ముసలివాళ్ళకు అక్కడ నాకు టాయిలెట్ కనబడలేదు. తాగే నీళ్ళూ కనబడలేదు. మా అమ్మ గంటకే వెళ్దామంది.

అయ్యా, ఈ స్థలం ఎవరికీ పట్టనిదేం కాదు. 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో 'భారతదేశంలోని సిల్క్ రోడ్ స్థలాలు' కింద మన దేశమే దీని పేరు రాసి పంపింది. అంత గొప్పదని ప్రపంచానికి చెప్పుకున్నాం, గేటు దగ్గరికొచ్చిన మన పిల్లవాడికి చెప్పలేదు. పక్కనే తమిళనాడులో, మధురై దగ్గర కీళడిలో 2023లో మ్యూజియం తెరిచారు. అక్కడా తవ్వకాల్లో దొరికినవి ఇటుక గోడలు, పెంకులు, పూసలే. మా బడి పిల్లల్ని తీసుకెళ్ళాను. వెనక బెంచీ పిల్లలు కూడా ఒక్కో అద్దాల పెట్టె ముందు నిలబడిపోయారు. అరికమేడులో దొరికినవి కొన్ని పుదుచ్చేరి మ్యూజియంలో ఉన్నాయని తెలుసు, చూశాం కూడా. అవి పట్టణంలో ఉన్నాయి, నేల ఇక్కడుంది. రెంటినీ కలిపే మాట ఎక్కడా లేదు.

మేం కోరేవి పెద్ద ఖర్చువి కావు. దయచేసి అక్కడ రిసార్టులు, లైటు షోలు పెట్టొద్దు. ఆ చెట్ల నీడ, ఆ నిశ్శబ్దం అలాగే ఉండనివ్వండి. మా కోరికలు ఇవి:

1. కడలూరు రోడ్డు నుంచి అరికమేడు గేటు దాకా ప్రతి మలుపు దగ్గరా దారి చూపే బోర్డు. చున్నాంబార్ బోట్ హౌస్ దగ్గర కూడా ఒకటి, పెద్దది.

2. లోపల తమిళం, ఇంగ్లీషు, ఫ్రెంచి, తెలుగు, మలయాళంలో వివరాల బోర్డులు. యానాం పుదుచ్చేరిలో భాగమే, అక్కడివాళ్ళు మాట్లాడేది తెలుగు. కాబట్టి తెలుగు అడగడం అత్యాశ కాదనుకుంటున్నాను. సెమినరీ స్తంభాల ముందు, ఇవి 18వ శతాబ్దానివి అని స్పష్టంగా రాయండి. ఇది రోమన్లు కట్టిన ఊరు కాదని, మనవాళ్ళ రేవుకి రోమ్ సరుకు వచ్చిందని కూడా నిజాయితీగా రాయండి.

3. వీలర్, కసాల్, బెగ్లీ తవ్విన చోట్ల, పూడ్చిన కట్టడాల ఆకారం నేల మీద తెలిసేలా కొత్త రాళ్ళతో సన్నటి గీత. గోదాము ఇక్కడి నుంచి ఇక్కడి దాకా అని పిల్లవాడు దాని మీద నడిచి కొలుచుకోవాలి. దీనికి తవ్వాల్సిన పని లేదు, పాత ప్లాన్లు అచ్చులో ఉన్నాయి.

4. ప్రతి వానాకాలం ముందు, తర్వాత ఏటి గట్టును ఫోటోలు తీసి, ఎంత కోసుకుపోయిందో రికార్డు చేయడం. గట్టుకు నిపుణులు చెప్పిన రక్షణ. కోరికల్లో దేన్నైనా వాయిదా వేయాల్సొస్తే మిగతావి వేయండి, దీన్ని వేయొద్దు.

5. చుట్టుపక్కల ఊళ్ళ యువతీయువకుల్లో ఆసక్తి ఉన్నవాళ్ళకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా గుర్తింపు కార్డులు.

6. గేటు దగ్గర ఒక చిన్న గది. అందులో జాడీ, ఎర్ర పాత్ర, పూసల నమూనాలు. గోడ మీద పాపానాయుడుపేట పేరు. ఏడాదికి రెండుసార్లు, స్థలానికి బయట తగిన చోట, మా ఊరి పనివాళ్ళు గొట్టం కోసి పూస చేసి చూపించే ఏర్పాటు. దానికి మావాళ్ళు సిద్ధంగా ఉన్నారు, అడిగే రాస్తున్నాను. ప్రయాణ ఖర్చులు, రోజు కూలి ఇస్తే చాలన్నారు.

7. టాయిలెట్లు, తాగే నీళ్ళు.

8. ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబు. కుదరనివి ఏవో, ఎందుకు కుదరవో కూడా రాయండి. కుదరదన్న జవాబు వచ్చినా, మిగతావాటి కోసం ఎవరిని అడగాలో మాకు తెలుస్తుంది.

వచ్చే దసరా సెలవుల్లో మా తొమ్మిదో తరగతి పిల్లలు 42 మందిని తీసుకుని అరికమేడు రావాలనుకుంటున్నాం. కొలిమి పని చేసే నలుగురు పెద్దలు కూడా వస్తామంటున్నారు, వాళ్ళలో మా నాన్న ఒకరు. తిరుపతి నుంచి బస్సు మాట్లాడుకోవాలి, తల్లిదండ్రుల సంతకాలు తీసుకోవాలి. ఆ రోజు గేటు ఏ వేళల్లో తెరిచి ఉంటుంది, పిల్లలకు చెప్పడానికి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటారా అన్న రెండు సంగతులు సెప్టెంబరు మొదటి వారంలోగా తెలియజేయగలరు. నా చిరునామా రెండు ఉత్తరాల మీదా ఉంది.

ఇట్లు,
పాపానాయుడుపేట పూసల కొలిమివాళ్ళ ఇంటి బిడ్డ,
తిరుపతి జిల్లా